సిరియు జీవికయు: తెలుగు క్రైస్తవ వాఙ్మయమున ఐహిక పారమార్థికముల క్రమము

తెలుగు క్రైస్తవ వాఙ్మయమున మిక్కిలి తరచుగా వినవచ్చు బోధ యొకటి కలదు. లోకసంపద నిలుకడ లేనిది, దేహము మట్టిపాలగునది, కావున మానవుడు ముందుగా దైవమును వెదకవలెను, తక్కినవి తరువాత. ప్రసంగములందును కీర్తనలందును ఈ భావము పలుమారు కానవచ్చును. ఇంత పరిచితమైన భావమునకు వేరుగ వ్యాఖ్యానమేల యని తోచవచ్చును. కాని యొక్క ప్రశ్న వేసినంతనే యీ పరిచయము సడలిపోవును. సిరిని విడువుమని చెప్పు పాటను సిరి లేనివాడు పాడునపుడు ఆ పాటకు అర్థమేమి?

ఇది చమత్కారమునకై వేసిన ప్రశ్న కాదు. తెలుగుదేశమున పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవమును స్వీకరించిన వారిలో అధిక సంఖ్యాకులు భూవసతి లేని కూలీలు, తోలుపనివారు, పాలేళ్ళు. విరక్తిని బోధించు కీర్తనలను తరతరములుగా పాడినవారు వీరే. త్యజించుటకు ధనము లేనివాడు త్యాగగీతము పాడుట కేవల మనుకరణమా? లేక తన పేదరికమును తానే సమర్థించుకొనుటయా? ఈ రెండును గాక వేరొక యర్థమేదైన నందు గలదా? ఈ వ్యాసమున మేము పరిశీలింప దలచినది ఈ విషయమే. ఇందుకై మొదట తెలుగు బైబిలులోని కొన్ని పదములను, పిమ్మట కీర్తన సంప్రదాయమును, తరువాత నెల్లూరు మండలపు క్రైస్తవ చరిత్రను, కడపట ఒక యాధునిక కవి కృతులను విచారింతుము.

చర్చకు భూమికగా నొక ప్రాంతమును గైకొనుట మంచిది. వెలికొండలకు తూర్పున, పెన్నకు ఉత్తరమున, ఉదయగిరి ఆత్మకూరు ప్రాంతములలో కొండాపురము మొదలగు గ్రామములు గలవు. ఇది మెట్టసీమ. వానపైనను, ఆ వాననీటితో నిండు చెరువులపైనను ఇచ్చటి సేద్యము ఆధారపడి యుండెను. వాన తప్పెనా జొన్నయు సజ్జయు తప్పును. అవి తప్పెనా ముందుగా పస్తుండువాడు కూలివాడు. అమెరికను బాప్తిస్టు మిషను వారు 1840లో నెల్లూరున స్థిరపడిరి. ఒంగోలున 1866లోను, ఉదయగిరిలో 1885లోను, ఆత్మకూరులో 1893లోను వారి కేంద్రములు వెలసెను. నేడు ఒంగోలు వేరు జిల్లాలో నున్నను, 1904లో గుంటూరు జిల్లా యేర్పడువరకు ఆ తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. కావున ఒంగోలు చరిత్రయు ఉదయగిరి చరిత్రయు ఆనాటి కొకే మెట్టసీమ చరిత్రగా గ్రహింపవలెను.

ఇక పదవిచారము. మత్తయి సువార్త ఆరవ అధ్యాయమున ఇద్దరు యజమానుల ప్రసక్తి కలదు. ఒకడు దేవుడు, రెండవది ధనము. గ్రీకు మూలమున ఈ ధనమునకు వాడిన పదము గ్రీకు పదము కాదు. అది అరమేయిక భాషలోని మాట. సువార్తికుడు దానిని భాషాంతరీకరింపక యట్లే నిలిపెను. ఇంగ్లీషు అనువాదకులును మామోను అనియే వ్రాసిరి. ఆ యన్యభాషాపదమే ధనమునకొక వ్యక్తిత్వమును, దాదాపొక దేవతాత్వమును కల్పించినది. తెలుగు అనువాదకులు ఇచ్చట మామోను అని వ్రాయలేదు, ధనమనియు వ్రాయలేదు. 'సిరి' యని వ్రాసిరి.

ఈ యెన్నిక సామాన్యమైనది కాదు. సిరి శ్రీశబ్దభవము. తెలుగువానికి సిరి యనగా సంపదయే కాదు. సంపదకు అధిదేవత కూడ. మూలమునందలి వ్యక్తీకరణము ధనశబ్దమువలన జారిపోయెడిది, సిరిశబ్దమువలన నిలిచినది. అంతేకాదు, మూలమునందు లేని యొక బలము కూడ చేరినది. తెలుగునందు సిరి నిందావాచకము కాదు. సిరిగల యిల్లు, సిరులు పొంగు పొలము అనుటలో శుభమే కాని దోషము లేదు. పెండ్లిలోను, పంట యింటికి వచ్చువేళను కోరుకొనునది సిరినే. అట్టి మంగళపదమును దేవునికి ఎదుటి యజమానిగ నిలిపినపుడు శ్రోత యులికిపడును. చెడ్డ ధనమును విడువుమనుట సులభము. మంచి సిరి కూడ యజమాని కాగూడదనుట కఠినము. ఈ కాఠిన్యమును ఒక్క దేశ్యచ్ఛాయగల పదమున నిలుపగలిగిన ఆ యనువాదకుల శ్రవణశక్తి ప్రశంసనీయము.

ఆ వాక్యమందే మరియొక విశేషము గలదు. ఒక దాసుడు ఇద్దరు యజమానులను కొలువలేడన్న మాట మనకు ఉపమానముగ తోచును. ముందుగా బదులు తీసికొని ఒక రైతునొద్ద పాలేరుగ కుదిరిన వానికి అది ఉపమానము కాదు, నిత్యానుభవము. అప్పు తీరువరకు వాడు వేరొకని పొలమునకు పోజాలడు. విద్యావంతుడు వాక్యోత్తరార్ధమునుండి పూర్వార్ధమును గ్రహించును. పాలేరు పూర్వార్ధమునుండి ఉత్తరార్ధమును గ్రహించును. ఒకే వాక్యము ఇద్దరు శ్రోతలకు రెండు తెరవులగుండ చేరుచున్నది. పాఠమును విచారించునపుడు పాఠకుని స్థితిని కూడ విచారింపవలెననుటకు ఇదియే మొదటి నిదర్శనము.

రెండవ పదము 'మొదట'. అదే అధ్యాయము చివర దేవుని రాజ్యమును మొదట వెదకవలెనని బోధ. ఇది సంఖ్యావాచకముతో సంబంధించిన పదము. మొదటిది యన్నపుడు రెండవది యుండితీరవలెను. 'రాజ్యమును మాత్రమే వెదకుడి' యని చెప్పలేదు. రెండవదానిని తిరస్కరింపుమనియు చెప్పలేదు. ఇచ్చట చెప్పబడినది త్యాగము కాదు, క్రమము. ఈ భేదమును గుర్తింపకపోవుట వలన వ్యాఖ్యానములలో చాల గందరగోళము కలిగినది. తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో కీడునకు మూలముగ చెప్పబడినది 'ధనాపేక్ష' గాని ధనము గాదు. ఇచ్చటను అనువాదకులు సమాసమున అపేక్షాశబ్దమును జాగ్రత్తగ నిలిపిరి. లోకవ్యవహారమున ఆ యపేక్షాశబ్దము జారిపోయి ధనమే పాపమూలమన్న వాడుక ప్రబలినది.

మత్తయి ఆరవ అధ్యాయమును సమగ్రముగ చదివినచో అందు ఇద్దరు శ్రోతలు స్పష్టముగ కానవత్తురు. మొదటివాడు కూడబెట్టగలవాడు. వానికి చిమ్మెట, తుప్పు, దొంగ యను మూడు భయములు చూపబడినవి. ఈ మూడును కలవానికే భయములు. మడిచి దాచిన వస్త్రము లేనివానిని చిమ్మెట ఏమి చేయును? రెండవవాడు ఏమి తిందుము, ఏమి త్రాగుదుము, ఏమి కట్టుకొందుము అని తల్లడిల్లువాడు. వానికి చెప్పినది కూడబెట్టవద్దని కాదు, చింతింపవద్దని. కలవానికి నిషేధము, లేనివానికి అభయము. ఒకే క్రమము ఒకనికి హెచ్చరికగను వేరొకనికి ఓదార్పుగను పరిణమించుచున్నది. ఈ రెండు స్వరములను వేరుచేసి వినకుండుటయే మనము మొదట వేసికొన్న ప్రశ్న పుట్టుటకు కారణము.

ఆ యధ్యాయమందే ప్రభువు నేర్పిన ప్రార్థన గలదు. దాని నిర్మాణమును పరిశీలింపుడు. ముందు దేవుని నామము, పిదప రాజ్యము, పిదప చిత్తము. అటు తరువాత ఆహారము. ఆహారము తరువాత క్షమాపణ. పారమార్థికము ముందు నిలిచినదనుట నిజమే. కాని అన్నమును అడుగుటకు సిగ్గుపడలేదు. పైపెచ్చు క్షమాపణకంటె ముందే అన్నమడుగబడినది. అడిగినది కూడ రాశి కాదు, కొట్టు కాదు, 'అనుదినాహారము'. కూలికి పోవువానికి ఏనాటి గింజలు ఆనాటివే. ఆ పదము వానికి వ్యాఖ్యానాపేక్ష లేకయే తెలియును. కొట్లలో ధాన్యమున్నవాడు ఆ ప్రార్థనను చేయునపుడే దానికి ఏదో యొక లాక్షణికార్థమును కల్పించుకొనవలసి వచ్చును.

ఇట్టి బోధ తెలుగునేలకు వచ్చునప్పటికి ఇచ్చట విరక్తిభాషకు కొరత లేదు. రాజుకు కృతి నీయనొల్లక భాగవతమును రామాంకితము చేసిన పోతన, రాజసేవను ఏవగించుకొన్న కాళహస్తీశ్వర శతకకర్త ధూర్జటి, ధనగర్వమును ఆటవెలదులలో ఎత్తిపొడిచిన వేమన మన జాతి స్మృతిలో నిలిచినవారు. సంసారము మాయ, దేహము నీటిబుడగ, సిరి చంచల యన్న పలుకుబడి శతకములద్వారమునను తత్త్వములద్వారమునను పల్లెపల్లెకు పాకియుండెను. క్రైస్తవ కీర్తనకారులకు ఈ భాష సిద్ధముగ లభించినది. వారు దానిని స్వీకరించుట సహజము. స్వీకరింపకున్న వారి పాట తెలుగుపాట కాకపోయెడిది.

ఐనను ఇచ్చట ఒక సూక్ష్మభేదమును గమనింపవలెను. మన విరక్తిసాహిత్యమునందలి వక్త సాధారణముగ ఏదో యొకటి కలిగి దానిని కాదనువాడు. పోతన హాలికుడని మన సంప్రదాయము చెప్పును. నాగలియు చేనును గలవాడు గనుక రాజానుగ్రహమును కాదనగలిగెను. ఆ నిరాకరణమునకు వెనుక కొంత స్వాతంత్ర్యము గలదు. ధూర్జటికి రాజసభ పరిచితము, పరిచితమును రోసెను. విరక్తి యనునది అనుభవించినదానిపైనను, అనుభవింప వీలున్నదానిపైనను కలుగునది. దీనిని మేము తక్కువ చేయుటలేదు. ఆ భాష పుట్టిన చోటు నెరుగుట యవసరమని మాత్రము చెప్పుచున్నాము.

తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803-1890). ఈయన పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, శేషజీవితమంతయు బోధకుడుగ గడపెను. ఈయన కీర్తనలు నేటికిని 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంకలనమునందు సంఘములలో పాడబడుచున్నవి. రాగతాళ నిర్దేశముతో, పల్లవి చరణముల విభాగముతో, అంత్యప్రాసల మేళవింపుతో సాగు ఆ రచనలు మన సంకీర్తన సంప్రదాయమునకు చెందినవే. కరుణకై మొరపెట్టుకొను ఆర్తస్వరము వానికి ప్రాణము. లోకము నిస్సారమను భావము వచ్చినచోట్ల వాడిన పదజాలము మన తత్త్వములకును శతకములకును ఉమ్మడి.

ఈ కీర్తనల గుణమును మొదట చెప్పవలెను. చౌదరికి విరక్తి పుస్తకమునుండి వచ్చినది కాదు. కులమును, బంధువులను, ఆ కులముతో వచ్చు గౌరవమును ఆయన నిజముగ పోగొట్టుకొనెను. కావున ఆయన పాటలో త్యాగము పలికినపుడు అది బరువుతో పలుకును. లోపమును కూడ చెప్పవలెను. విరక్తిభాష పొంగినచోట సువార్తలోని 'మొదట' యన్న పదము వెనుకబడి, ఐహికమంతయు హేయమను భావము ముందునకు వచ్చును. క్రమము నిరాకరణముగ మారును. అన్నమడుగుటకు సిగ్గుపడని ప్రార్థన ఒకవైపున, అన్నమయమైన దేహమును రోయు పాట వేరొకవైపున నిలుచును. ఈ వైరుధ్యము చౌదరి యొక్కనిది కాదు. ఆ భాషనాశ్రయించిన కీర్తన సంప్రదాయమున పలుచోట్ల కానవచ్చునది.

ఇక ఆ పాటలను పాడినవారి విషయము. ఇచ్చట చరిత్రను ఆశ్రయింపక తప్పదు. మెట్టసీమలోని మాదిగ కుటుంబములు క్రైస్తవమును స్వీకరించినది గంజికొరకనియు, పారమార్థికము సాకు మాత్రమే యనియు ఆనాడు ఆక్షేపణ గలదు, నేటికిని వినవచ్చుచున్నది. ఈ యాక్షేపణమే సత్యమైనచో వారి నోట విరక్తిగీతము వట్టి వేషమగును. కావున సాహిత్యవిమర్శకునకు కూడ ఈ విషయము నిర్ణయింపదగినదే.

ఒంగోలు ప్రాంతపు ఉద్యమమునకు ఆద్యుడు తాళ్ళకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య. ఆయన తోళ్ళ వ్యాపారి. తోళ్ళకై ఉత్తరదిశగ పోయి, అచ్చట మిషనరీల బోధ విని, 1866లో ఒంగోలున జాన్ క్లౌను దర్శించి బాప్తిస్మము పొందెను. అంతకు పూర్వమే ఆయన గురువుల నాశ్రయించి రాజయోగమభ్యసించినవాడు. ఈ విషయమును ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథమున మాదిగ బోధకుల జీవితకథలతోపాటు వివరించినది. దీనిని మేము మిక్కిలి ముఖ్యముగ నెంచుచున్నాము. పాఠశాల ప్రవేశము లేని, దేవాలయ ప్రవేశము లేని కులమున పుట్టినవాడు చెప్పులు కుట్టుచు, తోళ్ళు మోయుచు తత్త్వవిచారము చేసెను. ఆకలిగొన్నవానికి పరమార్థచింత యుండదన్న ఊహ ఎంత తొందరపాటుతో కూడినదో పేరయ్య జీవితమే చెప్పుచున్నది. క్రైస్తవము ఆయనకు తృష్ణను కల్పింపలేదు. ఉన్న తృష్ణకు తీరము చూపినది.

రెండవ విషయము 1876-78 నాటి మహాక్షామము. చెన్నపురి రాజధాని జిల్లాలలో లక్షలాది జనులను బలిగొన్న ఆ కరవులో నెల్లూరు మెట్ట అల్లాడిపోయెను. క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. బోధకులే మేస్త్రీలైరి. పగలు మట్టిపని, విశ్రాంతివేళ వాక్యబోధ. బాప్తిస్మము కోరువారి సంఖ్య దినదినమును పెరిగెను. అట్టి సమయమున పదునైదు నెలలపాటు ఎవరికిని బాప్తిస్మ మీయకుండ క్లౌ ఆపివేసెను. అన్నమునకై వచ్చినవారని యెవ్వరును అనగూడదని యాయన యుద్దేశము. క్షామసహాయము ముగిసి, మరల పంపిణీకి ఏమియు లేని దశలో 1878 జూనునందు తలుపు తెరచెను. జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ యేడాది ముగియునప్పటికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటెను.

ఈ వృత్తాంతము క్లౌ మరణానంతరము 1914లో వెలువడిన ఆయన ఆత్మకథలో గలదు. మిషను వ్రాతలను యథాతథముగ అంగీకరింపుమని మేము చెప్పము. కరవులో అన్నము పెట్టిన చేతిని కరవు తీరినపిదప కూడ జనులు మరువరు. ఆ కృతజ్ఞత నిర్ణయములో పాలుపంచుకొనలేదని ఎవరును చెప్పజాలరు. ఆ వచ్చినవారి మాట కూడ నేరుగ వారి చేతివ్రాతలో గాక ఇతరుల వ్రాతలోనే మనకు దక్కినది. ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒక విషయము నిలుచును. ఇచ్చట అన్నమును వాక్యమును వేరుచేయలేదు. క్రమమును మాత్రము తారుమారు కానీయలేదు. ఆకలిగొన్నవానికి మొదట పని, కూలి. ఏ షరతును లేకుండ. అన్నమునకు మూల్యముగ విశ్వాసమును పుచ్చుకొనలేదు. పారమార్థికమునకు అగ్రస్థానమిచ్చుట యనగా ఐహికమును దానికి ఎరగా వాడకుండుట యని కూడ అర్థమని ఈ పదునైదు నెలల నిరీక్షణము చెప్పుచున్నది.

మూడవ విషయము మరింత ముఖ్యము. కొత్తగ చేరినవారికి క్లౌ పెట్టిన నియమములు మూడు: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. చూచుటకు చిన్నవి. కాని గ్రామవ్యవస్థలో వీని వెల యెంతయో యోచింపుడు. మాదిగవాడు రైతులకు చెప్పులు కుట్టి, కపిలకు తోలుబాన కుట్టి, జాతరకు డప్పు కొట్టి, అందులకు ప్రతిఫలముగ కళ్ళమున మేర పొందువాడు. చచ్చిన పశువుపై వాని హక్కు కూడ ఆ వ్యవస్థలోని భాగమే. కోతలవేళ ఆదివారము పనికి రాననుట, జాతరలో డప్పు కొట్టననుట, కళేబరమును తిననుట, ఇవన్నియు మేరకు ఎసరుపెట్టు పనులు. నీళ్ళు పోయక, పని యీయక, ఊరు బిగించిన సందర్భములు ఆ చరిత్రలో పెక్కు గలవు.

ఇచ్చటనే మా మొదటి ప్రశ్నకు సమాధానము లభించుచున్నది. సిరి లేనివానికి విడుచుటకేమున్నదని మేము ప్రశ్నించితిమి. వానికి సిరి లేదు; జీవిక యున్నది. కలవాడు మిగులును విడుచును. లేనివాడు విడువవలసి వచ్చినపుడు మొత్తమును విడుచును. దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలి కథలోని లెక్క ఇదియే. చౌదరి పోగొట్టుకొన్నది గౌరవము. మెట్టపల్లెలోని తోలుపనివాడు పోగొట్టుకొన్నది కళ్ళమునందలి గింజలు. ఇద్దరును ఒకే కీర్తన పాడిరి. మొదటివాని నోట అది విరక్తి. రెండవవాని నోట అది నిర్భయము. విరక్తుడు 'ఇది నాకు వలదు' అనును. నిర్భయుడు 'ఇది పోయినను నేనుందును' అనును. సువార్తలో లేనివానితో చెప్పబడిన 'చింతింపకుడి' యన్న మాటకు ఈ రెండవ పలుకే సరియైన ప్రతిధ్వని. కావున పాట అనుకరణము కాదు, దారిద్ర్యసమర్థనమును కాదు. పాడినవాని బ్రదుకు పాటలోని పదములకు కొత్త యర్థము నిచ్చినది.

ఐతే ఈ నిర్ణయముతో వ్యాసమును ముగించిన నొక యపాయము గలదు. పేదవాని నిర్భయమును మెచ్చుకొనుచు పేదరికమును మరచుట సులభము. ఈ యపాయమును మనకు గుర్తుచేయువాడు గుఱ్ఱం జాషువ. 1941లో వెలువడిన 'గబ్బిలము'న పస్తులున్న యస్పృశ్యుడొకడు గబ్బిలముద్వారా పరమేశ్వరునికి తన గోడు నంపుకొనును. రాతిబొమ్మలకు జరుగు వైభవమునకును మనుష్యుని ఆకలికిని నడుమనున్న యంతరమే ఆ కావ్యమునకు ప్రాణము. ఇది పరమార్థమును తిరస్కరించు కావ్యము కాదు; సందేశము పోవునది దైవమునొద్దకే. కాని అన్నమును అప్రధానమని త్రోసిపుచ్చు భక్తి యెంత క్రూరమో ఆ కావ్యము నిరూపించును. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన 'క్రీస్తు చరిత్ర'ను గబ్బిలముతో కలిపి చదువవలెనని మా యభిప్రాయము. ఆకలిగొన్నవారి పక్షమున మాటలాడిన కవియే క్రీస్తుకథను చెప్పుటలో ఔచిత్యము గలదు. సువార్తలందలి నాయకుడు కూడ తలవాల్చుకొన చోటులేనివాడు, జనసమూహము పస్తుండుట చూచి మొదట రొట్టె పంచినవాడు.

జాషువ కృతులు కీర్తన సంప్రదాయమునకు వ్యతిరేకములా? కావని మేము తలచుచున్నాము. అవి దానికి పూరకములు. లేనివానికి కీర్తన 'భయపడకు' మని చెప్పును. కలవానిని జాషువ 'నీవెట్లు నిర్భయముగ నుంటివి?' యని యడుగును. మత్తయి యధ్యాయములో ఒక్కచోట నున్న రెండు స్వరములు తెలుగు వాఙ్మయమున రెండు ప్రక్రియలుగ చీలినవి. పదములోని యాత్మస్వరము కీర్తనకును, పద్యములోని ప్రశ్న కావ్యమునకును వచ్చినవి. లూకా సువార్తలో ధన్యులుగ చెప్పబడినవారు 'బీదలు'. మత్తయిలో 'ఆత్మవిషయమై దీనులు'. ఒక్క పాఠమునే చదివి వేరొకదానిని విడుచువాడు సగము సువార్తనే చదివినవాడు. తెలుగు క్రైస్తవ వాఙ్మయమునకును ఇదే న్యాయము వర్తించును.

నేడు ఈ విచారమున కింకొక ప్రయోజనము గలదు. విశ్వసించినవాడు ఐశ్వర్యవంతుడగునని, వాహనమును మేడయు విశ్వాసమునకు గురుతులని బోధించు ధోరణి తెలుగుదేశమున నేడు పట్టణములలోను పల్లెలలోను వినవచ్చుచున్నది. దీనికి ఆధారముగ చూపునది కూడ 'మొదట' యన్న ఆ వాక్యమే. రాజ్యమును మొదట వెదకినచో 'అవన్నియు' అనుగ్రహింపబడునని కదా చెప్పబడినది యని వారి వాదము. వ్యాకరణమే దీనికి సమాధానము చెప్పును. 'అవి' యను సర్వనామము పూర్వోక్తమును పరామర్శించును. పూర్వోక్తములు తిండి, నీరు, బట్ట, మేడలు కావు. సిరిని రెండవ యజమానిగ నిషేధించిన కొలది వాక్యములకే ఆ సిరినే బహుమానముగ వాగ్దానము చేసినట్లు చదువుట సందర్భవిరుద్ధము. మరియు రెండవది లభించుటకై మొదటిది వెదకినచో, పేరునకు మొదటిదైనను విలువలో అది రెండవదే యగును. విరక్తివాది క్రమమును నిరాకరణముగ మార్చెను. ఐశ్వర్యవాది క్రమమును ఉపాయముగ మార్చుచున్నాడు. ఇద్దరిచేతిలోను జారిపోయినది ఆ యొక్క చిన్నపదమే.

ఈ చర్చవలన తేలిన విమర్శసూత్రమును సంగ్రహింతుము. ఐహిక పారమార్థికములను గూర్చిన క్రైస్తవ రచనను విలువకట్టునపుడు మూడు ప్రశ్నలు వేయవలెను. అది క్రమమును చెప్పుచున్నదా, నిరాకరణమును చెప్పుచున్నదా? అది కలవానితో మాటలాడుచున్నదా, లేనివానితో మాటలాడుచున్నదా? దానిని పాడువాని బ్రదుకు దాని యర్థమును ఎట్లు మార్చినది? మొదటి రెండు ప్రశ్నలకు పాఠము సమాధానము చెప్పును. మూడవదానికి పాఠము చాలదు.

కావుననే పరిశోధక విద్యార్థులకు మేమొక సూచన చేయుచున్నాము. కీర్తనలను సంకలనములలో చదువుటతో తృప్తిపడరాదు. కొండాపురము, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలోని పల్లెసంఘములకు పోయి, ఏ కీర్తన ఏ సందర్భమున పాడుదురో, వాన రాని యేట ఏది యెత్తుకొందురో, చావింట ఏది, కళ్ళము ముగిసినపుడు ఏది పాడుదురో గుర్తింపవలెను. పెద్దలు చరణములను మార్చి పాడినచో ఆ పాఠభేదమును తప్పుగా నెంచక వ్రాసికొనవలెను. వ్రాతలో తమ మాటను మిగుల్చుకొనలేకపోయిన ఆ తరముల వ్యాఖ్యానము అట్టి పాఠభేదములందును, పాటల యెన్నికయందును దాగి యుండవచ్చును. మెట్టసీమ పాడిన కీర్తనకు మెట్టసీమయే మొదటి వ్యాఖ్యాత.